మంత్రిగారి కోట, ఇస్త్రీ అత్త రాయి

పర్యాటక శాఖ మంత్రిగారు సముద్రం వైపు వీపూ జనం వైపు మొహమూ పెట్టి, మైకు అందుకుని, "ఈ రోజు నుంచి మన తీరాన్ని ప్రపంచానికి అంకితం చేస్తున్నాను" అన్నారు. వెనకాల సముద్రం ఎప్పటిలాగే ఒక అల విసిరింది. సముద్రం కూడా చప్పట్లు కొట్టిందని మర్నాడు పేపర్లో రాశారు.

ఇచ్చే వస్తువు మనదా కాదా అని చూసుకోవడం చిన్నవాళ్ళ లక్షణం. పెద్దమనసున్నవాళ్ళు ఇచ్చేస్తారు, అంతే.

"మనకి బీచి ఉంది, గాలి ఉంది. అన్నిటినీ మించి దొరల కోట ఉంది!" అన్నారు మంత్రిగారు. "వచ్చే నెల పెద్ద ఓడ వస్తోంది. ఆ కోట కట్టించిన దొరగారి మునిమనవడు స్వయానా అందులో వస్తున్నాడు. ముత్తాత కోటని కళ్ళారా చూసుకుంటాడు. ఇక ఆ తర్వాత ఓడల మీద ఓడలే. మీ వీధుల్లో మీరే నడవడానికి చోటు దొరకనంత అభివృద్ధి!"

జనం చప్పట్లు కొట్టారు. కొడుతూ కొడుతూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎందుకంటే కోట లేదు.

ఒకప్పుడు ఉండేది. తుఫానుకి పోలేదు, యుద్ధంలోనూ పోలేదు. ఇళ్ళు కట్టుకోవడంలో పోయింది. ఆ ఊళ్ళో ఎవరు ఇల్లు మొదలెట్టినా ముందు కోటకి వెళ్ళి ఒక రాయి పీక్కొచ్చి గోడలో పెట్టుకోవాలి. "కోట రాయి లేని ఇల్లు నిలబడదు" అనేవాళ్ళు. ఎందుకు నిలబడదమ్మా అంటే "మా అత్త చెప్పింది" అనేవాళ్ళు. ఆ అత్తని అడిగితే ఆవిడకీ వాళ్ళత్త చెప్పిందే. అత్తలందరూ కలిసి ఒక మాట మీద నిలబడితే ఇంకేముంది, కోట పడిపోయింది.

మంత్రిగారికి ఈ సంగతి తెలియదనుకుంటే ఆయన్ని తక్కువ చేసినట్టే. ఆయన ఇంటి ప్రహరీ మొత్తం కోట రాళ్ళే. ఆయనకి కోట మీద ఉన్న నమ్మకం అలాంటిది. ఎంతమంది ఎన్ని పట్టుకుపోయినా అంత పెద్ద కోటకి తరుగేముంటుందిలే అనుకున్నారు. పైగా ఆఫీసు ఫైల్లో కోట ఫొటో ఉంది. ఫైల్లో ఉన్నది బయట లేకపోవడమేమిటి?

ఈ ప్రసంగమంతా ఇస్త్రీ అత్త తన కొట్లో నిలబడే వింది. బీచి రోడ్డు మలుపులో ఆమెది ఒంటిగది ఇల్లు. ముందు వరండాలో ఇస్త్రీ బల్ల. ఆమె అసలు పేరు ఆమెకే ఎవరైనా గుర్తు చెయ్యాలి, ఊరందరికీ ఇస్త్రీ అత్తే. మంత్రిగారి తెల్ల చొక్కాలు కూడా ఆమె దగ్గరికే వస్తాయి. ఆయన మాటల్లో నిగ్గు ఆయనది. చొక్కాలో నిగ్గు మాత్రం ఆమెది.

వరండా మూల గోడలోంచి ఒక నల్లరాయి చిన్న అరుగులా బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. సగం గోడలో, సగం బయట. లోపలి సగం ఇంటి దూలాన్ని మోస్తుంది. బయటి సగం మీద ఆమె బొగ్గుల ఇస్త్రీపెట్టె ఆనిస్తుంది. ఏళ్ళ తరబడి ఒకేచోట కాలిన పెట్టె ఆని ఆని, రాతి మీద పెట్టె ఆకారంలోనే మచ్చ పడింది. ముందు మొన తేలి, వెనక వెడల్పుగా. ఆమె పెళ్ళయి వచ్చిన కొత్తలో ఆమె మొగుడు ఆ రాయిని కోట నుంచి భుజం మీద మోసుకొచ్చాడు. బండి కట్టించుకోవయ్యా అంటే "నీ ఇంటికి మొదటి రాయి, బండెందుకు?" అన్నాడట. ఆ తర్వాత బతికున్నన్నాళ్ళూ భుజం నొప్పి అని ఆమె చేతే కాపడం పెట్టించుకున్నాడు, అది వేరే సంగతి.

ఇప్పుడు ఆ ఇంట్లో అత్త, కూతురు, అల్లుడు. అల్లుడు టూరిజం ఆఫీసులో గైడు, అదీ టెంపరరీ. చూపించడానికి ఏమీ లేదు కాబట్టి ఇన్నాళ్ళూ వచ్చినవాళ్ళకి సముద్రం చూపించి "ఇది సముద్రం" అని చెప్పేవాడు. ఎవరూ కాదనలేదు, అందుకే ఉద్యోగం నిలిచింది.

మంత్రిగారి సభ నుంచి అతను పరుగులాంటి నడకతో ఇంటికొచ్చాడు.

"అత్తయ్యగారూ, మంచి కబురు! కోట తెరవగానే నా ఉద్యోగం పర్మనెంటు చేస్తామన్నారు."

"సంతోషం బాబూ. తెరవడానికి తలుపులున్నాయా?"

లోపల్నించి కూతురు అందుకుంది. "తలుపు డాక్టరుగారింట్లో ఉందిగా అమ్మా. రోగుల్ని పడుకోబెట్టే బల్ల అదేగా."

"నువ్వుండవే" అన్నాడు అల్లుడు. "పర్మనెంటు కాకపోతే వచ్చే నెల నుంచి అసలు ఉద్యోగమే ఉండదు. కోట లేని ఊరికి గైడెందుకని ఆఫీసరుగారు మొహం మీదే అన్నారు."

అత్త ఇస్త్రీపెట్టె తీసి రాతి మీద పెట్టి, ఒకసారి రాతి వైపు చూసి, మళ్ళీ అల్లుడి వైపు చూసింది. పెద్దవాళ్ళ చూపు కదా, జరగబోయేది కాస్త ముందే తగులుతుంది.

మర్నాడు టూరిజం ఆఫీసరు స్వయంగా కోటని పరిశీలించడానికి వెళ్ళాడు. అక్కడొక మట్టిదిబ్బ, దిబ్బ మీద మేకలు, పక్కన "ఇచ్చట మూత్రము పోయరాదు" అన్న బోర్డు ఉన్నాయి. ఆయన చాలాసేపు నిలబడి చూశాడు. తర్వాత ఆఫీసుకెళ్ళి ఫ్యాను కింద కూర్చుని రిపోర్టు రాశాడు: "కోట ఉన్నది. అయితే విడివిడిగా ఉన్నది."

ఎంత చదువు ఉంటే ఆ మాట రాయగలడు! మంత్రిగారు చదివి ఆయన భుజం తట్టారు.

"విడివిడిగా ఉన్నదాన్ని కలపడమే కదయ్యా ప్రభుత్వం పని!"

ఆ సాయంత్రం నుంచే ఆటోకి మైకు కట్టి వీధి వీధీ తిప్పారు. "కోట రాళ్ళు దొంగిలించిన గౌరవనీయులైన పౌరులారా! మీ ఇంట ఉన్న హెరిటేజ్ రాయిని వెంటనే ప్రభుత్వానికి అప్పగించి, దేశభక్తి చాటుకోండి. అప్పగించనివారు దొంగలుగా పరిగణించబడుదురు." దొంగ అని తిట్టినా మర్యాదగా తిట్టారని ఊరు ఊరంతా మెచ్చుకుంది.

మరి మంత్రిగారి ప్రహరీ సంగతేమిటని ఎవరో అడిగారు. ఆ రాళ్ళు ఇప్పటికే ప్రభుత్వంలోని ముఖ్యుల సంరక్షణలో ఉన్నాయి కాబట్టి వాటిని కదిలించడం హెరిటేజ్‌కే ప్రమాదమని ఆఫీసరు వివరించాడు. అడిగినవాడి ఇంటికే మొదట గునపాలొచ్చాయి.

మొదట అంటే రెండో మొదట. మొట్టమొదటిది ఇస్త్రీ అత్త ఇల్లు.

"ఏమనుకోకండి అత్తయ్యగారూ" అన్నాడు అల్లుడు తల వంచుకుని. "మన ఇంటి నుంచే మొదలుపెట్టాలంట. ఆదర్శంగా ఉంటుందని."

"ఆదర్శం అంటే ఏమిటి బాబూ?"

"అందరికంటే ముందు మనం నష్టపోవడం అండీ."

రాళ్ళు పీకే కాంట్రాక్టూ, మళ్ళీ పేర్చే కాంట్రాక్టూ మంత్రిగారి బావమరిదికే వచ్చాయి. పీకినవాడికే పేర్చడం తెలుస్తుంది కదా. ఆయన వచ్చి గోడ చుట్టూ తిరిగి, రాతిని చెప్పుకాలితో తట్టి, "తియ్యండి" అన్నాడు.

"తీస్తే దూలం కూచుంటుంది నాయనా" అంది అత్త. "లోపల మా పిల్ల వంట చేసుకుంటోంది."

"ప్రత్యామ్నాయ ఏర్పాటు చేస్తామమ్మా. ప్రభుత్వం ఊరికే వదిలేస్తుందా?"

ప్రత్యామ్నాయ ఏర్పాటు వచ్చింది. రెండు బారల పొడుగు కర్ర, పైన జెండా గుడ్డతో సహా. పార్టీ ఆఫీసు ముందు పాతడానికి తెప్పించినవాటిలో ఒకటి మిగిలిందట. కర్రని దూలం కింద ఒరగ్గా బిగించారు. కొస చూరు దాటి పైకొచ్చింది. జెండా విప్పుకుంది.

"ఇది ఆగుతుందా?" అంది అత్త.

"మా పార్టీ జెండా కర్రమ్మా. ఇంతవరకూ ఎక్కడా దిగిన దాఖలా లేదు."

రాయిని లాగుతుంటే పళ్ళు పీకినట్టు చప్పుడొచ్చింది. గోడలో రాయి ఉన్నచోట బొక్క పడింది. ఆ బొక్కలోంచి చూస్తే లోపల కూతురు, కూతురి పొయ్యి, పొయ్యి మీద గిన్నె కనిపిస్తున్నాయి. వీధిలో పోయేవాళ్ళు తలొంచి "ఏం వండావమ్మా?" అని పలకరించి పోవడం మొదలెట్టారు.

అంతటితో పోతే బాగానే ఉండును. బీచి రోడ్డు కదా, గాలి ఊరుకోదు. గాలొచ్చినప్పుడల్లా జెండా రెపరెపలాడేది, జెండా రెపరెపలాడినప్పుడల్లా కర్ర ఊగేది, కర్ర ఊగినప్పుడల్లా గోడ గజగజలాడి గిన్నెలో ఇంత సున్నం రాలేది.

"ఆ గుడ్డ విప్పెయ్యమ్మా!" అంది కూతురు.

"విప్పితే మీ ఆయన ఉద్యోగం విప్పేస్తారే."

"మాసిపోయింది, ఉతకడానికి తీశామని చెబుదాం."

"మా పార్టీ మాసిందన్నావా అంటారు. నువ్వు గిన్నె మీద మూత పెట్టు."

ఇక ఇస్త్రీపెట్టె ఎక్కడ పెట్టాలో తెలియక అత్త అవస్థ చెప్పనలవి కాదు. ఇటుక మీద పెడితే ఒరిగింది, రేకు మీద పెడితే జారింది. మాటల్లో పడి బల్ల మీదే పెడితే పోస్టుమాస్టరుగారి లాగు వెనక భాగం కిటికీ అయింది. ఇన్నేళ్ళ అలవాటు, చెయ్యి దానంతటదే మూల వైపు వెళ్ళి, అక్కడ బొక్క తగిలి, ఏడుపుమొహం పెట్టుకుని వెనక్కి వచ్చేది.

అక్కడ కోట లేచింది. ఊరందరి రాళ్ళూ కలిపినా ముందు గోడకే సరిపోయాయి. పెద్ద వాటా మంత్రిగారి ప్రహరీలో సంరక్షణలో ఉండిపోయిందాయె. మిగతాదానికి సినిమా సెట్టింగులు వేసే మేస్త్రిని పిలిపించి, ప్లైవుడ్ చెక్కలతో బురుజులు కట్టించి, రంగులతో పగుళ్ళు వేయించి, పగుళ్ళలో నాచు కూడా వేయించారు. ఏమాటకామాట చెప్పుకోవాలి, బ్రహ్మాండంగా వచ్చింది. ముందు నుంచి చూస్తే కోట, పక్క నుంచి చూస్తే గోడ, వెనక నుంచి చూస్తే మంత్రిగారి బావమరిది.

అప్పుడే ఆఫీసరుకి ఒక రాయి కంటబడింది. నల్లరాయి, దాని మీద మొనదేలిన మచ్చ. ఆయన కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఓడ ముందు భాగంలా లేదూ? ఇది దొరల రాజముద్ర!"

పక్కనే ఉన్న అల్లుడు ఆ మచ్చని గుర్తుపట్టాడు. నోరు తెరిచాడు.

"ఏమయ్యా గైడూ, నీకు తెలిసిందే కదా?" అన్నాడు ఆఫీసరు.

అల్లుడు తెరిచిన నోటితోనే "అవునండీ, రాజముద్రే" అన్నాడు. నోరు ఎలాగూ తెరిచాడు, ఏదో ఒకటి అనాలి కదా.

రాజముద్రని కోట ద్వారం ముందు దిమ్మె కట్టి, మచ్చ పైకి వచ్చేలా పడుకోబెట్టారు. చుట్టూ తాడు కట్టి, "తాకరాదు" అని బోర్డు పెట్టారు. ఆ సాయంత్రం అత్త బట్టల మూట దించి, చూసొద్దామని వెళ్ళింది. తాడు బయట నిలబడి చూసింది. ఇంటికొచ్చి అల్లుడికి మంచినీళ్ళిచ్చి, ఎదురుగా కూచుంది.

"ఆ ముద్ర నా పెట్టెది బాబూ."

"మెల్లగా అత్తయ్యగారూ! మీకు దణ్ణం పెడతాను. ఆ మాట బయటికొస్తే ఆఫీసరుగారు నవ్వులపాలవుతారు. ఆయన నవ్వులపాలైతే నేను వీధిపాలవుతాను."

"నేనెందుకంటాను? ఓడ వచ్చి వెళ్ళాక రాయి ఇంటికొచ్చేస్తుందా?"

అల్లుడు నీళ్ళ గ్లాసులోకి చూశాడు.

"రాదండీ. రాజముద్ర అని తెలిశాక మంత్రిగారు దాన్ని ఓడలో వచ్చే దొరగారికి కానుకగా ఇస్తామన్నారు. ఓడెక్కి వెళ్ళిపోతుంది."

కూతురు గిన్నె మీద మూత పెట్టడం మర్చిపోయింది. అత్త ఏమీ అనలేదు. ఎప్పుడూ మాట్లాడని మనిషి మాట్లాడకపోతే ఎవరికీ పట్టదు. ఇస్త్రీ అత్త మాట్లాడకపోయేసరికి ఎదురింటివాళ్ళు కూడా వచ్చి ఒంట్లో బాగుందా అని అడిగి వెళ్ళారు.

ఓడ వచ్చిన రోజు సముద్రపు గాలి చెమ్మచెమ్మగా ఉంది. దొరగారి మునిమనవడు పొడుగ్గా, ఎర్రగా, టోపీ పెట్టుకుని, కనబడిన ప్రతివాళ్ళకీ చేతులు జోడిస్తూ దిగాడు. పాపం, మంచివాడు. వెంట ఓడ జనమంతా కెమెరాలతో దిగారు. ఊరు ఊరంతా బారికేడ్ల వెనకాల ఉంది.

మంత్రిగారు కారు దిగారు. దిగీ దిగగానే తెల్లచొక్కా గంజి అంతా ఆ చెమ్మగాలికి వాలిపోయి, నలిగిపోయి, ఒంటికి అతుక్కుపోయింది. మంత్రిగారు నలగడానికి ప్రోటోకాల్ ఒప్పుకోదు. కోట వెనకాల ప్లైవుడ్ గదిలోకి ఆయన్ని తీసుకెళ్ళి, ఇస్త్రీ అత్తకి కబురు పెట్టారు. పెట్టె, బొగ్గులు, దుప్పటి పట్టుకుని ఆమె వచ్చింది. రెండు కుర్చీల మీద చెక్క వేసి బల్ల చేశారు.

మంత్రిగారు చొక్కా విప్పి ఇచ్చి, బనీనుతో ప్లాస్టిక్ కుర్చీలో కూచుని, సమయం వృథా చెయ్యడం ఆయన స్వభావం కాదు కాబట్టి, అక్కడి నుంచే మైకులో ప్రసంగం మొదలెట్టారు. బయట లౌడుస్పీకర్లలో ఆయన గొంతు మోగుతోంది, మనిషి లేడు. జనం అటూ ఇటూ చూశారు. ఒంటి మీద చొక్కా లేకపోయినా మాటల్లో ఏ లోటూ రాలేదు.

"ఈ కోటలో ప్రతి రాయీ మన చరిత్ర! ఒక్క రాయి ముట్టుకున్నా వాడు దేశద్రోహి!"

ఇస్త్రీ అత్త కుడిచెయ్యి పూర్తి చేసింది. చొక్కా తిప్పి వెయ్యాలి, పెట్టె దించాలి. చుట్టూ చూసింది.

"బాబూ, పెట్టె పెట్టడానికి చోటు లేదు. ఇక్కడెక్కడ పెట్టినా చెక్క అంటుకుంటుంది. కోట కాలిపోతుంది."

మంత్రిగారు మైకుకి చెయ్యి అడ్డం పెట్టి "ఎక్కడో ఒకచోట పెట్టవమ్మా!" అన్నారు.

మంత్రిగారి అనుమతి అయింది. అత్త సగం ఇస్త్రీ అయిన చొక్కా భుజాన వేసుకుని, పెట్టె పట్టుకుని, ప్లైవుడ్ తలుపు తోసుకుని కోట ముందుకొచ్చింది. అందరూ చూస్తుండగా తాడు దాటి, రాజముద్ర మీద ఇస్త్రీపెట్టె పెట్టింది.

సరిగ్గా సరిపోయింది. మొనకి మొన, అంచుకి అంచు. చాలా రోజుల తర్వాత ఇంటికొచ్చిన మనిషి మంచమెక్కినట్టు ఆ పెట్టె ఆ మచ్చలో ఒదిగింది.

లౌడుస్పీకర్లో "ఒక్క రాయి ముట్టుకున్నా..." అని వస్తూనే ఉంది.

దొరగారు ఆశ్చర్యంగా వంగి చూసి అల్లుణ్ణి ఏదో అడిగాడు. ఆఫీసరు మొహం సున్నం వేసినట్టయింది. అల్లుడి చెవిలో "ముద్ర వేసే ప్రాచీన యంత్రం అని చెప్పు. ఆవిడ వంశపారంపర్య ముద్రాధికారిణి అని చెప్పు" అన్నాడు. అల్లుడు చెప్పాడు. దొరగారు ఇస్త్రీ అత్తకి వంగి నమస్కారం పెట్టాడు. అత్త కూడా పెట్టింది. పెట్టినవాడికి తిరిగి పెట్టకపోతే బాగుండదు.

తర్వాత ఆయన మనసు నిండిపోయిందో ఏమో, అల్లుడి చేతిలో ఉన్న గైడు మైకు తీసుకుని వాళ్ళ భాషలో చాలాసేపు మాట్లాడాడు. మాట్లాడుతూ కోటని చూపించాడు, జనాన్ని చూపించాడు, మళ్ళీ కోటని చూపించాడు. మైకు అల్లుడికి తిరిగిచ్చాడు.

అల్లుడు మైకు పట్టుకుని ఆఫీసరు వైపు చూశాడు.

"ఏమన్నాడయ్యా?" అని అరిచారు జనం.

"చాలా బాగుంది అన్నారని చెప్పు" అన్నాడు ఆఫీసరు పళ్ళ మధ్య నుంచి.

అల్లుడు అత్తయ్యగారి వైపు చూశాడు. ఆమె రాతి పక్కనే నిలబడి, పెట్టె మూత తీసి బొగ్గుల మీద నుసి ఊదుతోంది. అతని వైపు చూడను కూడా చూడలేదు. చూసినా బాగుండేది. చూడకపోయేసరికి అతని నోట్లోంచి నిజం దానంతటదే బయటికొచ్చేసింది.

"వాళ్ళింట్లో చెప్పుకునే కథ అంటండీ. వాళ్ళ ముత్తాతకి కోట కట్టడానికి రాళ్ళు దొరకలేదంట. ఇంటికో రాయి గోడలోంచి పీకి తెచ్చివ్వమని ఊళ్ళో చాటింపు వేయించాడంట. ఇవ్వనివాళ్ళని దొంగలన్నాడంట. ఆ రాళ్ళతోనే ఈ కోట కట్టాడంట. అంత సహకరించిన ఊరికి కృతజ్ఞతలు చెప్పుకోవడానికే ఇంత దూరం వచ్చాడంట."

ఒక అల వచ్చి పోయింది. వెనక వరసలోంచి ఒక ముసలాయన గొంతు వినిపించింది.

"అందుకా మా నాయనమ్మ, కోట రాయి లేని ఇల్లు నిలబడదనేది!"

బారికేడ్లు కిర్రుమన్నాయి. ఎవరూ తోసినట్టు లేదు గానీ, అందరూ ఒక అడుగు ముందుకొచ్చారు.

ప్లైవుడ్ తలుపు సందులోంచి మంత్రిగారి మొహం కనిపించింది.

"అమ్మా! చొక్కా ఇయ్యి!"

"ఒక చెయ్యే అయింది బాబూ. ఇంకో చెయ్యి, వీపు ఉన్నాయి."

"అయినంతవరకూ ఇయ్యవమ్మా, జనం ముందుకొస్తున్నారు!"

"సగం ఇస్త్రీ చొక్కాతో మిమ్మల్ని పంపిస్తే నా పేరేం కావాలి? నాకు ఈ రాయి అలవాటు. ఇది ఇంట్లో దాని చోట్లో ఉంటేనే నాకు పని సాగుతుంది. ఇంటికి పంపించండి, చేసి పెడతాను."

"ఆ రాయి దొరగారికి కానుక!"

"మరి చొక్కా నా దగ్గరుంది" అంది అత్త, ఏమీ ఎరగనట్టు.

మంత్రిగారు జనాన్ని చూశారు, తన బనీను చూసుకున్నారు. ఇలాంటప్పుడు మామూలు మనిషి అయితే పారిపోయేవాడు. ఆయన నాయకుడు. ఒక అల వచ్చి వెనక్కి పోయేంత సేపు ఆలోచించి మైకు నోటి దగ్గర పెట్టుకున్నారు.

"ప్రజలారా! ఆనాడు పరాయి దొర మీ ఇంటి గోడలోంచి రాయి పీకి మిమ్మల్ని దొంగలన్నాడు. ఎంత అన్యాయం! ఈ అన్యాయాన్ని మన ప్రభుత్వం సహిస్తుందా? సహించదు! నేటి నుంచి 'ఇంటింటికీ కోటరాయి' పథకం ప్రారంభిస్తున్నాను! ప్రతి కుటుంబానికీ ఒక రాయి, ఉచితంగా!"

ఒక్కసారిగా ఈలలు, చప్పట్లు. దొరగారికి ఏమీ అర్థం కాకపోయినా అందరికంటే ఎక్కువసేపు చప్పట్లు కొట్టాడు. ఇస్త్రీ అత్త రెండో చెయ్యి, వీపు రాజముద్ర పక్కనే దిమ్మె మీద దుప్పటి పరిచి రెండు నిమిషాల్లో తేల్చేసి చొక్కా అందించింది. మంత్రిగారు కడిగిన ముత్యంలా బయటికొచ్చారు. తొలి లబ్ధిదారుగా ఆమె రాయి ఆమెకే ఇస్తూ ఫొటో దిగారు. "సంతోషంగా ఉందా అమ్మా?" అని పేపరువాళ్ళు అడిగితే, "బరువుగా ఉంది నాయనా, ఒక చెయ్యి పట్టు" అంది. దాన్ని పేపర్లో "ఆనందంతో మాటలు రాలేదు" అని రాశారు.

రాళ్ళు పంచేశారు. ఊరికే పంచితే పథకం ఎవరిదో తెలియదు కదా, ప్రతి రాతి మీదా మంత్రిగారి మొహం ఆయిల్ పెయింటుతో వేయించారు. మొహం పైకి కనబడేలా గోడలో పెట్టుకోవాలని ఉత్తర్వు. పంపకంలో మిగిలిన రాళ్ళూ, బురుజుల ప్లైవుడ్డూ బావమరిదికి చేరాయి. ఆయనా ఒక కుటుంబమే కదా. మట్టిదిబ్బ మీదికి మేకలు తిరిగొచ్చాయి. ఆఫీసరు కొత్త రిపోర్టు రాశాడు: "కోట ఉన్నది. విడివిడిగా ఉన్నది. ఇప్పుడు ఉత్తర్వు ప్రకారం ఉన్నది." ఆయనకి ప్రమోషన్ వచ్చింది.

అల్లుడి ఉద్యోగం కూడా పర్మనెంటు అయింది. చరిత్రని ధైర్యంగా బయటపెట్టమని తానే ఆదేశించానని మంత్రిగారు ప్రకటించారు మరి. ఇప్పుడు ఓడ వస్తే అతను జనాన్ని ఇంటింటికీ తిప్పి కోట చూపిస్తున్నాడు. ఆఖరున ఇస్త్రీ అత్త కొట్టు. ఆమె రాయి మళ్ళీ మూలకొచ్చింది, దూలం దాని మీద కూచుంది, బొక్క మూసుకుంది. జెండా కర్ర బట్టలారేసే దండెం అయింది. జెండా గుడ్డ ఉతికి, గంజి పెట్టి, మడతపెట్టి పార్టీ ఆఫీసుకి పంపించేసింది. ఒకళ్ళ గుడ్డ ఉంచుకునే అలవాటు ఆమెకి లేదు.

మొన్న వచ్చిన ఓడలోంచి దిగిన ఒక ఆడమనిషి కొట్టు ముందు నిలబడి చాలాసేపు చూసింది. అత్త మంత్రిగారి చొక్కాయే చేస్తోంది. కాలర్ మీద రెండుసార్లు పెట్టె నడిపి, అలవాటుగా మూల రాతి మీద ఆనించి, చొక్కా తిప్పి వేసి, మళ్ళీ పెట్టె తీసింది. రాతి మీద మంత్రిగారి నవ్వుమొహం. ఆ మొహం మీద నుదుటి నుంచి గడ్డం దాకా మొనదేలిన నల్లటి మచ్చ. పైన సన్నగా పొగ లేస్తోంది.

ఆ వచ్చినావిడ వేలు చూపించి ఏదో అడిగింది.

"ఆయన మొహం మీద ఆ గుర్తేమిటని అడుగుతోంది అత్తయ్యగారూ" అన్నాడు అల్లుడు. "ఏం చెప్పమంటారు?"

అత్త పెట్టె మూత తీసి బొగ్గులు కదిపి, మూత వేసి, మళ్ళీ దాని చోట్లో దాన్ని పెట్టింది.

"రాజముద్ర అని చెప్పండి బాబూ."